పై అంతస్తు గోలి, కింది అంతస్తు గోలి

ఇది ఇంతవరకు నేను ఎవరికీ చెప్పలేదు. డాక్టరుగా నా మొదటి ఉద్యోగంలో, మొదటి మూడు నెలలు, యాభై దాటిన ఏ మగ పేషెంటునూ మూత్రం గురించి నేను ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగినట్టు మాత్రం రాశాను. కేస్ షీట్లో "మూత్రానికి ఇబ్బంది ఉందా?" అన్న వరుసకు ఎదురుగా "లేదు" అనే గడి ఉండేది. జలుబు గురించో చెవి హోరు గురించో అడుగుతూ, పేషెంటు ముఖం వైపు చూడకుండా, ఆ గడిలో టిక్కు పెట్టేసేదాన్ని. ఆ రోజుల్లో నేను డైరీ చాలా శ్రద్ధగా రాసేదాన్ని. హాస్టల్ సాంబారులో నా వంతుకు ములక్కాడ ముక్కలు ఎన్ని వచ్చాయో కూడా అందులో ఉంటుంది. ఈ టిక్కుల గురించి ఒక్క వాక్యం లేదు.

వాటిలో ఒక్క టిక్కు సంగతి తర్వాత బయటపడింది. దాని గురించి ముగ్గురికి చెప్పుకున్నాను కూడా. మిగిలిన వాటి సంగతి ఇప్పుడు మీకే చెబుతున్నాను. మీరంటే, హౌస్ సర్జన్సీ ముగించి, పీజీ సీటు వచ్చేలోగా ఏదో ఒక చిన్న ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరుగా కూర్చోబోతున్న చెల్లెళ్లు, తమ్ముళ్లు. మీలో నాలాంటి వాళ్లు కొందరైనా ఉంటారు. క్లాసులో జవాబు తెలిసినా చెయ్యెత్తని వాళ్లు, మెస్సులో పుస్తకం అడ్డం పెట్టుకొని తినేవాళ్లు. ఇది వాళ్ల కోసం.

నేను పనిచేసిన ఆస్పత్రి పంజాగుట్టలో మెయిన్ రోడ్డుకు ఒక సందు లోపల ఉండేది. భార్యాభర్తలిద్దరిదీ అది. కింది అంతస్తులో మేడం, చెవి ముక్కు గొంతు డాక్టరు. పై అంతస్తులో సార్, మూత్ర సంబంధ వ్యాధుల సర్జన్. పెళ్లికి ముందు ఎవరి క్లినిక్ వాళ్లకు ఉండేదట. ఒకే కప్పు కిందికి వచ్చాక కూడా ఎవరి పద్ధతి వాళ్లు వదులుకోలేదు. మేడం పేషెంట్లకు పచ్చ ఫైలు, సార్ పేషెంట్లకు నీలం ఫైలు. కింద ఒక నంబరు, పైన ఇంకో నంబరు. మధ్యాహ్నం రెండున్నరకు పై గదిలో ఇద్దరూ ఒకే క్యారియరులో భోజనం చేసేవాళ్లు. రెండు అంతస్తులూ కలిసేది అక్కడే.

నా బల్ల కింద, మేడం గది తలుపు పక్కన. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో నా హాస్టల్. పొద్దున్నే మెట్రో లైను కిందుగా నడుచుకుంటూ వచ్చి కూర్చునేదాన్ని. ఎర్రమంజిల్ క్వార్టర్ల నుంచి చెవిలో గులిమి గట్టిపడిన రిటైర్డు ఉద్యోగులు వచ్చేవాళ్లు. శ్రీనగర్ కాలనీ నుంచి గొంతు పోగొట్టుకున్న డబ్బింగ్ ఆర్టిస్టులు వచ్చి, చీటీ మీద రాసి చూపేవాళ్లు. కోచింగ్ సెంటర్ల ఆడపిల్లలు మూత్రంలో మంటతో వచ్చేవాళ్లు. హాస్టల్ బాత్రూం దగ్గర క్యూ, క్లాసు మధ్యలో లేవడానికి మొహమాటం, అందుకని నీళ్లే తాగరు. వాళ్లను ఏ ప్రశ్నైనా గడగడా అడిగేదాన్ని. మా నాన్న వయసు మగవాళ్లు ఎదురుగా కూర్చుంటే మాత్రం నా నాలుక అంగిట్లో అతుక్కుపోయేది.

ఆ గడిని షీట్లో పెట్టించింది మేడమే. ఎందుకో నాకు తెలియదనుకోకండి. పుస్తకంలో చదివాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ముక్కు దిబ్బడ తగ్గించే జలుబు గోలి ముక్కులో ఉబ్బిన రక్తనాళాలను బిగిస్తుంది. అదే మందు మూత్రాశయం గొంతు దగ్గరి కండరాన్ని కూడా బిగిస్తుంది. వయసు మీద పడి ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన మగవాడికి అప్పటికే ఆ దారి ఇరుకై ఉంటుంది. దాని మీద ఈ గోలి పడితే ఒక్కోసారి మూత్రం పూర్తిగా బంద్ అయిపోతుంది. అందుకే, గోలి రాసే ముందు అడగాలి. మేడం నా టిక్కు చూసి రాసేవారు. నా టిక్కును నమ్మి రాసేవారు.

జనవరిలో ఒక పెద్దాయన వచ్చాడు. అరవై అయిదు దాటి ఉంటాయి. మెడలో కొలతల టేపు అలాగే ఉంది. అమీర్‌పేటలో ఒక కాంప్లెక్సు సెల్లారులో బ్లౌజుల దుకాణం, ఆయనే కటింగ్ మాస్టరు.

"మా నాయిన మగ్గం నేసిండు, నేను కత్తిరిస్త," అన్నాడు, ఏం పని చేస్తారని అడిగితే. తర్వాత నా తెల్లకోటు వైపు కాసేపు చూసి, "ఏమనుకోకు డాక్టరమ్మా, గిది ఎవలు కుట్టిండ్రు? భుజాలు మోచేతి దాక జారినయి," అన్నాడు.

పొద్దున లేస్తే వరసగా తుమ్ములు, ముక్కులు మూసుకుపోవడం, వాసన తెలియకపోవడం. కొత్త బట్టల నుంచి లేచే నూగు ఆయనకు పడటం లేదు. బీపీ లేదు, షుగరు లేదు. ఆ గడి వచ్చింది. నా చెయ్యి టిక్కు పెట్టేసింది. మేడం వారం రోజులకు జలుబు గోలి రాశారు.

వారానికని రాసింది ఆయన వారంతో ఆపలేదు. మనవాళ్లలో ఎవరు ఆపుతారు? ఖాళీ అయిన గోలీల పట్టీ జేబులో పెట్టుకుని, దుకాణం పక్కన మెడికల్ షాపులో చూపించి, "గిదే ఇయ్యి అన్నా," అని కొనుక్కుంటూ పోయాడు. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది.

మూడు వారాల తర్వాత ఒక సోమవారం ఉదయం ఆటోలో ఆయన్ను తీసుకొచ్చారు. రెండు చేతులతో పొట్ట పట్టుకుని వంగిపోయి ఉన్నాడు. పక్కన ఆయన భార్య, "నిన్న పొద్దటి సంది బొట్టు వస్తలేదమ్మా, జర జల్ది చూడుండ్రి," అంటూ చేతులు జోడిస్తోంది. నేరుగా పైకి తీసుకెళ్లారు. సార్ ట్యూబు వేస్తే సంచిలోకి లీటరుకు దగ్గరగా మూత్రం వచ్చిందట. నీలం ఫైలు తెరిచారు. ప్రోస్టేట్ పెరిగింది అన్నారు. దారిని వదులు చేసే గోలి మొదలుపెట్టారు. మూడో రోజు ట్యూబు తీసి చూద్దామన్నారు. అది సరైన పద్ధతే.

బుధవారం తెల్లవారుజామున ట్యూబు తీశారు. పదకొండింటికల్లా మళ్లీ బంద్. మళ్లీ ట్యూబు, మళ్లీ సంచి. సార్ ఇక ఆలోచించలేదు. శుక్రవారం ఆపరేషన్ అని రాసేశారు.

ఇదంతా జరుగుతున్నప్పుడు నేను కింద చెవులు చూసుకుంటున్నాను. సోమవారం ఆటో దిగిన మనిషిని కూడా జనం మధ్య సరిగా చూడలేదు. బుధవారం మధ్యాహ్నం పై డ్యూటీ డాక్టరు సెలవు పెడితే, ఆపరేషన్ ముందు రాయాల్సిన కాగితాలు రాయడానికి నన్ను పైకి పంపారు. మంచం మీది మనిషి నన్ను చూసి లేవబోయాడు.

"మీరు కింద ముక్కు డాక్టరమ్మ కాడ ఉంటరు గద!"

ఆ గొంతు ముక్కులోంచి వస్తోంది. మాట మాటకూ నోటితో గాలి పీలుస్తున్నాడు. టేపు లేకపోవడంతో మొదట గుర్తుపట్టలేదు. గుర్తుపట్టగానే చేతిలోని కాగితాలు పక్కన పెట్టాను.

"ఏమేం మందులు వేసుకుంటున్నారు?"

"ఇక్కడ సార్ ఇచ్చిందే. ఇంకేం లేవు."

మంచం పక్కన దుప్పటి మడతపెడుతున్న ఆయమ్మ అందుకుంది. ఆమె ఆ వార్డులో పదిహేనేళ్లుగా పనిచేస్తోంది. ఆమెకు తెలియని సంగతి వార్డులో ఉండదు.

"అబద్ధం ఎందుకే మాస్టర్ సాబ్? పొద్దున చాయ్‌ల, మాపటికి చాయ్‌ల ఓ గోలి మింగుతున్నవు గద."

"అరే, అది మందేంది? సర్ది గోలి!" అన్నాడాయన. దిండు కింద నుంచి పట్టీ తీసి చూపించాడు. "సార్ గోలి మొదలుపెట్టినంక ముక్కు ఇంకా జామైంది బిడ్డా. ఇదివరకు దినానికి ఒకటి. ఇప్పుడు రెండు ఏస్తె గని శ్వాస ఆడుతలేదు."

ఆ పట్టీ చేతిలోకి తీసుకుని మందు పేరు చదివాను. పై అంతస్తు గోలి మూత్రపు దారిని వదులు చేస్తుంది, కానీ కొందరికి ముక్కును మూసేస్తుంది. కింది అంతస్తు గోలి ముక్కును తెరుస్తుంది, మూత్రపు దారిని మూసేస్తుంది. ఈయన రెండూ వేసుకుంటున్నాడు. ఒకటి మూసిన చోట ఇంకొకటి తెరుస్తూ, అది తెరిచిన చోట ఇది మూస్తూ. ఈ రెండు గోలీలూ ఒకే మనిషి పొట్టలో ఉన్నాయని రెండు ఫైళ్లలో ఏదీ చెప్పదు. ఇందులో ఆపరేషన్ చేసి తీయాల్సింది ఏదైనా ఉంటే ఉండొచ్చు. కానీ ముందు తీయాల్సింది ఆ పట్టీ.

"గా సంచి కట్టుకొని ఆడోళ్ల కొలతలు ఎట్ల తీసుకుంట బిడ్డా?" అన్నాడు ఆయన. "అందుకే కొయ్యమన్న. కోస్తే మల్ల దుకాణం పోతనా, పోనా? జర నిజం చెప్పు."

ఆయన భార్య మంచం కమ్మీ పట్టుకుని నా నోటి వైపు చూస్తోంది. నేను ఏదో గొణిగి కిందికి వచ్చాను.

రికార్డు అలమారలో పచ్చ ఫైలు దొరికింది. నా టిక్కు ఉంది. నీలం సిరా, కొస పైకి లేచిన టిక్కు. దాన్ని చూస్తూ నాకు వచ్చిన ఆలోచన కూడా దాచను. ఆ టిక్కు పక్కన "అడిగాను, లేదన్నారు" అని రెండు మాటలు రాస్తే చాలు. పెద్దాయన కాదనడు, ఆయనకు గుర్తే ఉండదు. మందుల విషయం చెప్పి మెప్పు పొందవచ్చు, టిక్కు విషయం ఎవరూ అడగరు. పెన్ను మూత తీశాను కూడా. తర్వాత మూత పెట్టేశాను. ధైర్యం వచ్చి కాదు. నా అక్షరాలు ఆ సమయంలో వణుకుతున్నాయి, రాస్తే తెలిసిపోతుంది. మంచి పని కొన్నిసార్లు ఇంత చిన్న కారణానికే జరుగుతుంది.

రెండున్నర. పై గదిలో క్యారియర్ తెరిచి ఉంది. భోజనం మధ్యలో ఆ తలుపు తట్టిన వాళ్లు అప్పటివరకు ఎవరూ లేరు.

"ఏంటమ్మా, ఎమర్జెన్సీనా?" అన్నారు సార్. ఆయనది కోస్తా వైపు, హైదరాబాద్‌లో ఎన్నేళ్లున్నా ఆ మాట తీరు పోలేదు.

చెప్పడం మొదలుపెట్టాను. రెండు వాక్యాలయ్యాక ఆయన చెయ్యెత్తారు.

"కొంచెం గట్టిగా చెప్పమ్మా. పక్కన చెవి డాక్టరు కూర్చుని ఉన్నా నాకు వినపడట్లేదు."

గట్టిగా చెప్పాను. పచ్చ ఫైలు బల్ల మీద పెట్టి, దాని పైన పట్టీ పెట్టాను. సార్ దాన్ని చూసి తల అడ్డంగా ఊపారు.

"గ్రంథి చాలా పెద్దదమ్మా ఆయనది. ఈ గోలి ఒక్కటి ఆపితే సర్దుకునే వ్యవహారం కాదు."

మేడం పచ్చ ఫైలు తీసుకుని తిరగేస్తున్నారు. ఒక చోట ఆగారు.

"ఈ టిక్కు చూసే నేను గోలి రాసిన. ఆయన చెప్పలేదా, నువ్వు అడగలేదా?"

"అడగలేదు మేడం."

ఆమె చెంచా కింద పెట్టారు. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే ఏడ్చేసి బయటపడేదాన్ని.

"ఆ గడి నేనెందుకు పెట్టించిన్నో తెలుసా? ఒకప్పుడు నేను సుత అడగకుండనే ఒకాయనకు రాసిన. ఆయన పరిస్థితి గిట్లనే అయింది. మల్ల ఎవరూ మర్చిపోవద్దని గడి కొట్టించిన." ఫైలు మూసి నా వైపు జరిపారు. "గడి ఉంటే సరిపోతదనుకున్న. నాదీ తప్పే."

తర్వాత ఆమె సార్ వైపు తిరిగారు. ఇద్దరూ నేను అక్కడ లేనట్టే వాదించుకున్నారు. సార్ గ్రంథి సైజు చెప్పారు. మేడం, "మొదటిసారి ట్యూబు తీసిన పొద్దున సుత ఆ గోలి కడుపుల ఉన్నది. అది పరీక్షే కాదు. మల్ల పెట్టు పరీక్ష," అన్నారు. చివరికి సార్ చేతులు కడుక్కుంటూ తీర్పు చెప్పారు. ఆపరేషన్ శుక్రవారం కాదు, సోమవారం మధ్యాహ్నానికి వాయిదా. ఈలోగా జలుబు గోలి పూర్తిగా బంద్. ముక్కుకు మేడం స్ప్రే, ఉప్పునీళ్లతో కడగడం. సోమవారం పొద్దున ట్యూబు తీసి చూడటం. మధ్యాహ్నం రెండింటి దాకా గడువు. "థియేటర్ మాత్రం బుక్ చేసే ఉంచుతాను," అన్నారు, నా వైపు చూసి.

"నువ్వు వారం పాటు పైన డ్యూటీ చెయ్యి," అన్నారు మేడం. "ఆయమ్మ కాడ అడగడం నేర్చుకో."

అలా నేను ఎంబీబీఎస్ తర్వాత ఆయమ్మ దగ్గర చదువుకున్నాను.

మొదటి రోజు ఆమె ఒక ముసలాయన మంచం దగ్గర నిలబడి, "తాతా, ధార దూరం పడుతుందా, కాళ్ల మీద పడుతుందా?" అని అడిగింది. ఆయన వానల సంగతి చెప్పినంత మామూలుగా, "ఏడాది సంది కాళ్ల మీదనే," అన్నాడు. తర్వాత నా వంతు. నేను ఇంకో ఆయన్ను, "మీకు... బాత్రూంకి... వెళ్తే... సరిగ్గా..." అన్నాను. ఆయన నా మీద జాలిపడి, "ఏం ఫికర్ లేదమ్మా, అంత మంచిగున్నది," అన్నాడు. ఆయన మంచానికి మూత్రం సంచి వేలాడుతోంది. ఆయమ్మ పక్కకు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది.

"నువ్వు సిగ్గుపడితే ఆయన సుత సిగ్గుపడతడు డాక్టరమ్మా," అంది తర్వాత. "చాయ్ తాగినవా అన్నట్టు అడుగు. వాళ్లు సుత చాయ్ తాగినట్టే చెప్తరు."

శనివారానికి నాకు అలవాటైంది. ఎన్నిసార్లు లేస్తారు, ఆపుకోగలరా, ధార మధ్యలో ఆగుతుందా, అయిపోయాక కూడా ఇంకా ఉన్నట్టుంటుందా. మాస్టరును కూడా అడిగాను. ఆయన చెప్పిన ఇబ్బందులన్నీ రెండేళ్లుగా ఉన్నవే. దుకాణం నుంచి ఇంటికి పోయేలోగా రెండు చోట్ల ఆగాల్సి వచ్చేదట. పెళ్లాంతో కూడా చెప్పలేదట. ఆదివారానికి ముక్కు తెరుచుకుంది. "ఇయ్యాల పప్పు పోపు వాసన కొట్టింది బిడ్డా," అని వార్డంతా వినిపించేలా చెప్పాడు. మొదటి గెలుపు అది. సగం గెలుపే.

సోమవారం. ఏడింటికి నేనే ట్యూబు తీశాను. మిల్లీలీటర్ల గీతలున్న ప్లాస్టిక్ మగ్గు బాత్రూంలో పెట్టాను. ఎంత వస్తే అంత కొలిచి నాకు చెప్పాలి, నేను షీట్లో రాయాలి. మధ్యాహ్నం రెండింటికి థియేటర్.

ఒక సంగతి నాకు ఆ ఉదయమే తట్టింది. ఈయనకు మూత్రం రాకపోతే, తప్పు గ్రంథిదే అవుతుంది, నా టిక్కు మరుగున పడుతుంది. వస్తే, ఇదంతా నా టిక్కు వల్లనే అని రుజువవుతుంది. అయినా ఆ బాత్రూం తలుపు వైపు నేను చూసినంత ఆశగా నా ర్యాంకు షీటు వైపు కూడా చూడలేదు.

ఎనిమిదికి చాయ్, రెండు గ్లాసుల నీళ్లు. తొమ్మిదిన్నరకు లోపలికి వెళ్లి ఉత్త చేతులతో వచ్చాడు. పదిన్నరకు మళ్లీ వెళ్లాడు. పావుగంట తర్వాత, "ఇరవై," అన్నాడు, తల దించుకుని. పొట్ట మీద చెయ్యి వేస్తే మూత్రాశయం నిండుతున్నట్టు తెలుస్తోంది.

"వద్దు బిడ్డా, ఊకె ఎందుకు? కొయ్యమను," అని మంచం మీద కూలబడ్డాడు. ఆయన భార్య ఏడుపు మొదలుపెట్టింది. నేను, నర్సు, ఆమె, ముగ్గురం ఆయన చుట్టూ నిలబడి ఉన్నాం.

ఆయమ్మ వచ్చి మమ్మల్నందరినీ అదిలించింది. "ఇంతమంది మొఖంల మొఖం పెట్టి చూస్తుంటే ఎవలకొస్తది? నడువుండ్రి బయటికి!" ఆయన భార్యను టిఫిన్ తినమని పంపించేసింది. తర్వాత తన పని తాను మొదలుపెట్టింది. వార్డు చివర బల్ల మీద గాజుగుడ్డ చుట్ట పరిచి, కట్లకు వాడే ముక్కలుగా కత్తిరించడం ఆమె రోజూ చేసే పని. నేను వరండాలోంచి చూస్తున్నాను.

రెండు ముక్కలు కోసేసరికి మంచం మీది నుంచి గొంతు వినిపించింది.

"వంకరబోతుంది."

"పోనీ. పుండు మీద పెట్టేదానికి ఫ్యాషన్ ఎందుకు?"

"అరే, కత్తెర అట్ల పడతరా? బట్ట నలుగుతుంది. ఇటియ్యి."

"నువ్వు ముందల నీ పని చూస్కో మాస్టర్ సాబ్."

"ఇటియ్యవే!"

లేచి వచ్చి కత్తెర లాక్కున్నాడు. గాజుగుడ్డను నాలుగు మడతలు వేశాడు, అరచేత్తో ఒకసారి సాఫు చేశాడు, బొటనవేలితో గీత నొక్కాడు. కత్తెర నడిచింది. వారం రోజులుగా మంచం మీద ముడుచుకుని కూర్చున్న మనిషి వెన్ను నిటారుగా అయింది. భుజాలు దిగాయి. కాళ్లు ఎడంగా పెట్టి, తన కటింగ్ బల్ల ముందు నలభై ఏళ్లుగా ఎలా నిలబడ్డాడో అలా నిలబడ్డాడు. చుట్ట సగానికి వచ్చింది. ముక్కలన్నీ ఒకే సైజు. ఆయమ్మ ఏదో దుకాణంలో తన బ్లౌజు పాడుచేసిన కథ చెబుతోంది. ఆయన ఆ దర్జీని తిడుతున్నాడు.

పన్నెండు దాటింది. మాట మధ్యలో ఆపి, కత్తెర బల్ల మీద పెట్టి, ఎవరి వైపూ చూడకుండా బాత్రూంలోకి వెళ్లాడు.

మొదట ఏమీ వినిపించలేదు. తర్వాత మగ్గులో చప్పుడు మొదలైంది. సన్నగా, ఆగి, మళ్లీ మొదలై, ఈసారి ఆగకుండా. ఆయమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజులు నా మణికట్టులో గుచ్చుకున్నాయి.

తలుపు వెనక నుంచి, సెల్లారు దుకాణంలో కొలత తీసి అసిస్టెంటుకు వినపడేలా అరిచే ఆ గొంతుతో, వార్డు మొత్తం అదిరేలా వినిపించింది:

"రాసుకో బిడ్డా! రెండు వందల ఎనభై!"

రాశాను. ఆ అంకె నేను నా జన్మలో రాసిన అన్ని అంకెల కన్నా పెద్దగా పడింది, గడి దాటి పక్క గడిలోకి పోయింది. పక్క మంచాల వాళ్లు చప్పట్లు కొట్టారు. టిఫిన్ తిని వస్తున్న ఆయన భార్య మెట్ల మీద ఆ అరుపు విని, ఏమైందోనని పరిగెత్తుకొచ్చింది. "ఏమైంది, ఏమైంది?" అంటే, ఆయమ్మ, "నీ మొగడు పాసయ్యిండు!" అంది.

ఇంకా పని ఉంది. లోపల ఎంత మిగిలిందో చూడాలి. సార్ స్వయంగా స్కానింగ్ పెట్టారు. ఒకసారి చూశారు, జెల్ మళ్లీ పూసి ఇంకోసారి చూశారు. నలభై. అంటే దాదాపు ఖాళీ. ఒంటిగంటన్నరకు మాస్టరు మళ్లీ వెళ్లాడు, మళ్లీ అరిచాడు, మూడు వందలు. మేడం తలకు కట్టుకున్న లైటు కూడా తీయకుండా పైకి వచ్చేశారు.

"ఏంటమ్మా, నా కేసు ఊడగొట్టావు," అన్నారు సార్, మొదటిసారి నవ్వుతూ. తర్వాత నర్సుతో, "థియేటర్ వాళ్లకు చెప్పు. మధ్యాహ్నం ఏమీ లేదని," అన్నారు.

మాస్టరుకు గ్రంథి పెద్దదే. మందు వాడుతూనే ఉండాలి, మూడు నెలలకోసారి చూపించుకోవాలి, ఎప్పటికైనా ఆపరేషన్ అవసరం రావచ్చు. ఇవన్నీ సార్ ఆయనకు విడమర్చి చెప్పారు. కానీ ఆ సాయంత్రం ఆయన సంచి లేకుండా మెట్లు దిగాడు. మర్నాడు దుకాణం తెరిచాడు. ఆ నెలలోనే ఆస్పత్రిలో పచ్చ ఫైళ్లు, నీలం ఫైళ్లు పోయి అందరికీ ఒకే తెల్ల ఫైలు వచ్చింది. రంగు విషయంలో మాత్రం ఇద్దరూ వారం రోజులు పోట్లాడుకున్నారు.

ఇక ఎవరికీ చెప్పని భాగం. మాస్టరు ఇంటికి వెళ్లాక వచ్చిన ఆదివారం నేను రికార్డు అలమార ముందు కూర్చుని, మూడు నెలల పచ్చ ఫైళ్లు తీసి, నేను అడగకుండా టిక్కు పెట్టిన వాళ్లలో జలుబు గోలి తీసుకున్న వాళ్ల నంబర్లు ఒక కాగితం మీద రాసుకున్నాను. ముప్పై నాలుగు. తర్వాత రెండు వారాలు, హాస్టల్ డాబా మీద బట్టలు ఆరేసే తీగల మధ్య నిలబడి, రోజుకు కొందరికి ఫోన్ చేశాను. ఫోన్లో మాట్లాడాలంటే పిజ్జా తెప్పించుకోవడానికే భయపడే మనిషిని నేను. ఒకాయన, "ఎవరు మీరు? నా ఉచ్చ సంగతి మీకెందుకు?" అని పెట్టేశాడు. మళ్లీ చేశాను. ఇంకొకాయన ఫోన్ భార్యకు ఇచ్చాడు, ఆవిడ మొత్తం చరిత్ర చెప్పింది. ముగ్గురికి ధార సన్నబడి ఉంది, గోలి ఇంకా మింగుతూనే ఉన్నారు. ఆపమని చెప్పి, సార్ దగ్గరకు రప్పించాను. ఎవరు పంపారని సార్ అడగలేదు. చివరి పేరు కొట్టేసిన రోజు డాబా మీద ఒక్కదాన్నే గెంతాను. ఆరేసిన దుప్పట్లు తప్ప ఎవరూ చూడలేదు.

వేసవి ముగిసేసరికి నాకు పీజీ సీటు వచ్చింది. ఆస్పత్రిలో నా ఆఖరి శనివారం మాస్టరు రివ్యూకు వచ్చాడు. టేపు మెడలో ఉంది. పరీక్షలన్నీ బాగున్నాయి. లేచి వెళ్లబోతుంటే ఆపాను. మేడంకు, సార్‌కు చెప్పినదే ఆయనకు కూడా చెప్పాను. జనవరిలో మీరు వచ్చిన రోజు ఆ ప్రశ్న నేను అడగలేదు, అడిగినట్టు రాశాను, మీరు పడ్డదంతా దానివల్లే అని. ఈసారి వినపడేంత గట్టిగానే చెప్పాను.

ఆయన మెడలో టేపు సరిచేసుకుని తలుపు వైపు నడిచాడు. కోపం వచ్చిందనుకున్నాను. తలుపు దాకా వెళ్లి, గుబ్బ మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగాడు.

"ఆ దినం నువ్వు అడిగినా నేను లేదనే చెప్తుంటి బిడ్డా, ఆడపిల్లకు ఎట్ల చెప్త? గందుకే ఎవలనన్న ఒక్కసారి అడిగి ఊకోకు. రెండుసార్లు అడుగు."